కనపడని చేపకు మేత

మా తమ్ముడు ఇంట్లో ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టినప్పుడు నేనేమీ అనలేదు. అందులోకి వేటచేపను తెచ్చాడని తెలిసినప్పుడు మాత్రం ఊరుకోలేకపోయాను.

మేమిద్దరం నాగాయలంక అవతల రొయ్యల చెరువుల మీద బతికినవాళ్లం. ఆ బతుకులో సగం పని వేటచేపను లోపలికి రానివ్వకపోవడమే. కాలవ నీళ్లు చెరువులోకి వచ్చే తూముకి సన్నకంటి వల కట్టేవాళ్లం. ఆ వలకి చిరుగుందేమోనని నేను వేళ్లతో తడిమి చూసేదాన్ని. కళ్లతో చూస్తే చాలదు. వేలెడంత పండుగప్ప పిల్ల ఒక్కటి దూరిందంటే పంట పట్టే నాటికి అది మోచేయంత అయ్యేది, రొయ్యలుండాల్సిన చోట ఉత్త నీళ్లుండేవి. అలాంటిది చెరువులు వదిలేసి బందరు వచ్చి, కోర్టుల వెనక వీధిలో అద్దెకున్న ఇంట్లో, టీవీ పక్కన, వాడు అదే జాతి బుద్ధి ఉన్న చేపను పెట్టుకుని ముద్దుగా మేత వేస్తున్నాడు.

మా ఆయన పోయాడు, వాడి భార్యా పోయింది. అక్కాతమ్ముళ్లం ఒక ఇంట్లో వండుకుని తింటున్నాం. చెరువు గట్టు మీద పడుకున్న అలవాటు వల్ల వాడికి మోటారు చప్పుడు లేకపోతే నిద్ర రాదు. బందరులో ఏదో హోటలు మూసేస్తుంటే వాళ్ల అద్దాల తొట్టి తెచ్చుకున్నాడు. దానికో మోటారు బిగించాడు. గాలిబుడగల చప్పుడు మొదలయ్యాక మనిషి కాస్త కుదుటపడ్డాడు. అక్వేరియం చేపల షాపతను ఇచ్చిన ఉప్పు నీళ్లలో కలిపి, చెరువుల కాలంలో ఉప్పుశాతం చూసిన గొట్టాన్నే కంటికి పెట్టుకుని చూసేవాడు. రెండు నీలం చేపపిల్లల్ని వేశాడు. మంగినపూడి బీచిలో దొరికిన, శంఖంలో కాపురముండే పీతను ఒకదాన్ని వేశాడు. అంతవరకూ నాకేం అభ్యంతరం లేదు.

వేటచేప వచ్చిన రోజున నేను ఇంట్లో లేను. గుడివాడలో వాడి కూతురి దగ్గర ఉండి కంటికి ఆపరేషను చేయించుకుంటున్నాను. తిరిగొచ్చేసరికి తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"అక్కా, కామెట్ వచ్చింది."

"అదేంటి?"

"చేప. షాపతను చెబితే చెన్నై నుంచి సంచిలో ఆక్సిజన్ కొట్టి బస్సులో పంపించారంట. నల్లగా ఉండిద్ది, ఒళ్లంతా తెల్లచుక్కలు. చీకట్లో నక్షత్రాలు చూసినట్టే అనుకో."

"ఏదిరా?"

"ఆ పెద్దరాయి కింద గుహలాగా ఉంది చూడు. అందులో."

"గుహ కనపడుతోంది. చేప ఏది?"

"నువ్వలా మీద పడిపోయి చూస్తే ఎందుకు వచ్చిద్దక్కా? దానికి సిగ్గు."

"చంపుకు తినేదానికి సిగ్గేంట్రా?"

"సిగ్గు లేకపోతే దానికి తిండెలా దొరికిద్ది? ఎగురుకుంటూ తిరిగితే చిన్నచేపలు చూసి పారిపోవూ?"

ఆ మాట నాకు నచ్చింది కానీ నమ్మకం కుదరలేదు. కొత్తగా బాగుచేయించుకున్న కన్ను. వీధి చివర కరెంటు తీగ మీద కాకిని పోల్చుకుంటోంది. మూరెడు దూరంలో ఉన్న తొట్టిలో చేపను పోల్చుకోలేకపోయింది.

రోజులు గడిచాయి. నేను వంటింట్లో ఉంటే వాడు హాల్లోంచి, "ఇదిగో వచ్చింది, రాక్కా" అని పిలిచేవాడు. చేతులు తుడుచుకుని వచ్చేసరికి రాయి, నీళ్లు. నేను పాలకి వెళ్తే వచ్చేది. నేను దీపం పెడుతుంటే వచ్చేది. నేను కుర్చీ వేసుకుని కూర్చుంటే మాత్రం వచ్చేది కాదు. నేనున్నప్పుడే రాని చేప మీద అనుమానం రాకపోతే నేను మనిషినే కాదు.

నీలం చేపల్లో ఒకటి కనపడకుండా పోయింది. వారం తిరక్కుండా రెండోదీ పోయింది.

"చూశావా, తినేసింది" అన్నాడు, కొడుకు క్లాసులో ఫస్టొచ్చినంత సంబరంగా.

నాకు వేరే ఆలోచన వచ్చింది. చెరువు గట్టు మీద నిజం చెప్పినవాణ్ణి నేను ఎక్కువగా చూడలేదు. రొయ్య చస్తుంటే పక్కచెరువు వాడికి తెలియకుండా తెల్లారకముందే ఏరి పాతిపెట్టేవాళ్లం. ఎవరైనా అడిగితే బ్రహ్మాండంగా ఉందనేవాళ్లం. వీడూ ఆ గట్టు మీద పెరిగినవాడే. చేప ఎప్పుడో చచ్చి ఉంటుంది, పారేసి ఉంటాడు, నీలం చేపలు కూడా అలాగే పోయి ఉంటాయి, నాతో ఒప్పుకోవడం ఇష్టం లేక రాయికి మేత వేస్తున్నాడు. ఇది నా మొదటి అనుమానం. అది మంచి అనుమానం. అబద్ధం ఆడుతున్నాడంటే తెలివి బాగానే ఉన్నట్టు.

చేపల షాపుకి వెళ్లి అడిగాను. అతను అమ్మిన మాట నిజమే.

"సిగ్గరి చేపండీ అది. కొన్నవాళ్లే నెలకోసారి చూస్తారు" అన్నాడు.

"బతికుందంటావా?"

"అది నన్నడుగుతారేంటమ్మా? ఇంట్లో ఉండేది మీరు."

అమ్మేవాడు అంతకంటే ఏం చెబుతాడు. మేత కంపెనీల వాళ్లూ మాతో ఇలాగే మాట్లాడేవారు.

రెండో అనుమానం నాకు ఇష్టం లేనిది. అది నా మేనకోడలి నుంచి వచ్చింది. మేనకోడలంటే వాడి కూతురే. గుడివాడలో భార్యాభర్తలు మందుల షాపు నడుపుకుంటున్నారు. నాకు అక్షరాలు నేర్పింది ఆ పిల్లే. బళ్లో చదువుకునే రోజుల్లో ఖాళీ మేత బస్తాల మీది అక్షరాలు చూపించి, నా తల నెరిశాక, కూడబలుక్కోవడం నేర్పింది. అందుకని ఆ పిల్ల అడిగితే నేను దాచలేను. ఫోనులో, "నాన్న ఏం చేస్తున్నాడత్తా?" అంటే, ఉన్నదున్నట్టు, "లేని చేపతో మాట్లాడుతున్నాడు" అన్నాను.

"అత్తా, గుడ్లవల్లేరు సంగతి మర్చిపోయావా?" అంది.

మర్చిపోలేదు. నా కంటి ఆపరేషనప్పుడు గుడివాడ వచ్చి నన్ను చూసి, తిరిగి బందరు బస్సెక్కినవాడు గుడ్లవల్లేరులో దిగిపోయాడు. ఇంజనీరింగు కాలేజీ బస్సుల దగ్గర కూర్చుని ఉంటే ఎవరో ఆడపిల్ల వాడి ఫోను తీసుకుని కూతురికి చేసింది. అడిగితే, టీ తాగుదామని దిగానన్నాడు. టీ బందరులో దొరకదా? అప్పట్లో నేనే వాణ్ణి వెనకేసుకొచ్చాను.

"ఇదే ముదిరితే కష్టం. ఆదివారం వస్తాను. ఇద్దరూ సామాను సర్దుకోండి, ఇక్కడే ఉందురుగాని. విజయవాడలో తల డాక్టరుకి చూపిద్దాం."

"తొట్టి?"

"పై అంతస్తు ఇల్లత్తా మాది. అంత బరువు ఓనరు ఒప్పుకోడు."

వాడికి ఈ సంగతి అన్నంలో చారు పోస్తూ చెప్పాను. తిండి ఆపేశాడు. "గుడివాడలో ఏం చేస్తానక్కా? మందుల వాసన పీల్చుకుంటూ కూర్చోనా?" అన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, "ఆ తొట్టి లేకపోతే నాకు పొద్దు ఎక్కడ మొదలయ్యిద్దో ఎక్కడ అయిపోయిద్దో తెలవదు" అన్నాడు. వాడు అంత పెద్దమాట ఎప్పుడూ అనలేదు. ఆ మాట విన్నాక చేప ఉందో లేదో తేల్చడం నా పని అయింది. ఉంటే వాడు బందరులో ఉంటాడు. లేకపోతే లేదు.

చెరువులో రొయ్య కనపడదు. బురదనీళ్ల అడుగున ఉంటుంది. ఉందో లేదో, తింటుందో లేదో తెలియడానికి చెక్ ట్రే వాడతాం. చిన్న వల బిగించిన పళ్లెంలో మేత వేసి తాడుతో దింపి, కాసేపాగి పైకి లాగి చూడాలి. మేత అయిపోతే రొయ్య బాగుంది. మిగిలితే ఏదో తేడా. మా కష్టం, సుఖం, పెళ్లిళ్లు, అప్పులు అన్నీ ఆ పళ్లెం చెప్పినట్టే నడిచాయి.

ఇంట్లో టీ వడకట్టుకునే పాత ప్లాస్టిక్ జాలీ ఉంది. దానికి నాలుగువైపులా దారం కట్టాను. పచ్చిరొయ్య ఒలిచి ముక్కలు చేసి అందులో పెట్టి, రాయి దగ్గరకు దింపాను. దీపం పెట్టుకుని వచ్చి లాగాను. ఖాళీ. మర్నాడు మళ్లీ దింపాను. మళ్లీ ఖాళీ.

నాకెంత సంతోషమైందంటే, వెంటనే ఫోను చేశాను. "చేప ఉంది. మీ నాన్న తెలివి బాగానే ఉంది. ట్రే ఖాళీ అవుతోంది." ఆ పిల్ల కూడా చెరువు గట్టు మీద పెరిగిందే. ట్రే మాట కాదనలేదు. "సరే అత్తా, అయితే ఊరికే చూసిపోవడానికి వస్తాను" అంది.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కానీ నేను పళ్లేన్ని దింపి పక్కకి పోయే రకం కాదు. మూడో సాయంత్రం అక్కడే నిలబడ్డాను. ఆ మంగినపూడి పీత శంఖాన్ని ఈడ్చుకుంటూ, ఎవరి ఇంట్లోనో పెళ్లికి వస్తున్నట్టు నిదానంగా వచ్చింది. జాలీలోకి ఎక్కింది. రెండు చేతులతో రొయ్యముక్కల్ని ఒకదాని తర్వాత ఒకటి నోట్లో కుక్కుకుంది. రాయి కింద నుంచి ఏదీ రాలేదు.

వాడు వెనకే నిలబడి చూస్తున్నాడు.

"పీత తింటోందిరా నీ చేప మేత."

"అది కూడా తినిద్ది."

"అది కూడా కాదు, అదే."

"అమ్మాయికి చెప్పబాక అక్కా."

చేప ఉన్నదని గట్టి నమ్మకం ఉన్నవాడు చెప్పొద్దని ఎందుకంటాడు?

ఆదివారం మేనకోడలు వచ్చింది. చేతిలో బత్తాయిలు, సంచీలో బీపీ చూసే మిషను. వచ్చీ రాగానే తొట్టి దగ్గరకెళ్లి వంగింది. "ఏది నాన్నా?" అంది. "రాయి కింద" అన్నాడు. ఆ పిల్ల నావైపు చూసింది. నేను పీత సంగతి చెప్పేశాను. అడక్కముందే చెప్పాను.

"నిన్ను చెప్పొద్దన్నానా?" అన్నాడు.

"అన్నావు. అందుకే చెప్పాను."

భోజనాలయ్యాక మేనకోడలు, "రాళ్లు తీసి చూద్దాం నాన్నా, రెండు నిమిషాల పని" అంది. ఒప్పుకోలేదు. రాళ్లు కదిపితే బెదిరి మేత మానేసిద్దన్నాడు. అప్పుడు నాకు చెరువు బుద్ధి పుట్టింది. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిపోతే నీళ్లలో గాలి తగ్గిపోతుంది. అప్పుడు అడుగున దాక్కున్న ప్రతి ప్రాణీ పైకి తేలుతుంది. అన్నేళ్లలో మేం దేనికైనా భయపడ్డామంటే దానికే.

"మోటారు ఆపుదాం. ఉంటే పైకి వచ్చిద్ది. కనపడగానే మళ్లీ మోటారు వేసేద్దాం" అన్నాను.

వాడు లేచి స్విచ్చిబోర్డుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరూ ముట్టుకోవద్దు."

"నీ మంచికేరా."

"తేలడం నువ్వు చూళ్ళేదా అక్కా? చెరువంతా మూతులు పైకెత్తుకుని కొట్టుకోవడం చూసి కూడా, ఆ మాట అనడానికి నోరెలా వచ్చింది నీకు?" కూతురి వైపు తిరిగాడు. "నాకు పిచ్చని రాసుకో. సామాను సర్దు, వస్తాను. మోటారు జోలికి మాత్రం రావద్దు."

మేనకోడలు కళ్లు తుడుచుకుంటూ నా పెట్టె కిందికి దించింది. నేనేమో వాడి ముఖం చూస్తూ లెక్కలేసుకుంటున్నాను. ఉన్న చేప కోసం మనిషి ఇలా నిలబడతాడు. లేని చేప కోసం కూడా ఇలాగే నిలబడతాడు. బయట నుంచి చూసేవాళ్లకి రెండూ ఒకేలా ఉంటాయి.

దీపాల వేళకి కరెంటు పోయింది. ఎవరూ ఏ స్విచ్చీ నొక్కలేదు, వీధి వీధంతా పోయింది. తొట్టిలో బుడగలు ఆగిపోయాయి. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. వాడు, "బ్యాటరీ, బ్యాటరీ" అంటూ వెనక గదిలోకి పరుగెత్తాడు. ఇలాంటప్పటికని అక్కడ బ్యాటరీ పెట్టుకున్నాడు, దాని వైరు మోటారు దాకా లాగి ఉంది. బ్యాటరీ దగ్గర క్లిప్పు తగిలిస్తే చాలు. మేనకోడలు తొట్టి ముందు నేల మీద అలాగే కూర్చుని ఉంది. మసకవెలుతురు ఒక్కటే మిగిలింది.

వెనక గదిలో చప్పుడు లేదు. నేను వెళ్లాను.

బ్యాటరీ ముందు నిలబడి ఉన్నాడు. ఎర్ర క్లిప్పు ఒక చేతిలో, నల్లది ఒక చేతిలో. వాటిని చూస్తున్నాడు. నా వైపు చూశాడు. ఆ చూపులో నన్ను అడుగుతున్న ప్రశ్న ఏమిటో నాకు అర్థమైంది. తన చేతుల్లో ఉన్నవేమిటని అడుగుతున్నాడు.

వాడి చేతుల్లోంచి తీసుకుని నేనే తగిలించాను. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. హాల్లో బుడగలు మళ్లీ మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే మేనకోడలి గొంతు, గట్టిగా కాదు, గుసగుసగా వినపడింది.

"అత్తా. తొట్టిలో పాముంది."

ఇద్దరం వచ్చాం. రాయి పక్క సందులోంచి ఒక తల బయటికి ఉంది. నల్లటి తల, తెల్లచుక్కలు, నల్లటి కన్ను, దాని చుట్టూ తెల్లటి గీత. రాళ్ల సందుల్లో దాక్కునే మలుగుపాము తల అచ్చం అలాగే ఉంటుంది. చేపను మింగిన పాము ఇదేనన్నమాట అనుకున్నాను. చీపురు కోసం చుట్టూ చూశాను కూడా.

తమ్ముడు నవ్వాడు. ఇందాక వెనక గదిలో నిలబడ్డవాడు వాడేనా అన్నట్టు నవ్వాడు.

"తల కాదే అది, తోక. బుడగలు టక్కున మొదలయ్యేసరికి జడుసుకుంది. జడుసుకుంటే తలకాయ కన్నంలో పెట్టేసి తోక బయట పెట్టిద్ది. తోక దగ్గర దొంగకన్ను ఉంది చూడు. పెద్దచేపలు పామనుకుని పోతయ్యి. కదలబాకండి."

కదల్లేదు. కొంతసేపటికి ఆ తల అనుకున్నది మెల్లగా బయటికి జరిగింది, దాని వెనకాల రెక్కలు విసనకర్రల్లా విచ్చుకున్నాయి, చిట్టచివరకి అసలు తల కన్నంలోంచి బయటపడింది. జానెడు చేప. ఒళ్లంతా చుక్కలు. నీళ్లలో ఈదుతున్నట్టు లేదు, ఎవరో దారం పట్టుకుని లాగుతున్నట్టు ఉంది. ఆకలిగా ఉన్న ముఖం. మా ముగ్గురి వైపూ ఓసారి చూసి రాయి వెనక్కి వెళ్లిపోయింది.

మేనకోడలు తండ్రి చెయ్యి పట్టుకుని, "సారీ నాన్నా" అంది. తర్వాత లేచి నా పెట్టెను తీసుకెళ్లి మంచం కిందికి తోసేసింది. వాడు ఆ పూట రెండు గరిటెలు ఎక్కువ తిన్నాడు.

ఆ పిల్ల చేపను చూసింది. వెనక గదిలో సంగతి చూడలేదు. చూసింది నేనొక్కదాన్నే.

బస్టాండులో గుడివాడ బస్సు కోసం నిలబడ్డప్పుడు చెప్పాను. దాచి ఉండేదాన్నే. కానీ నాకు చదువు చెప్పినదాని దగ్గర దొంగమాటలు నాకు చేతకావు.

"చేప ఉంది. వాడి మరుపూ ఉంది. చేప ఉన్నదని మరుపు లేదనుకోబాక."

అంతా విని, "మరి ఇంటికెందుకు తీసుకెళ్లొద్దు?" అంది.

"గుడివాడ తీసుకెళ్తే మరుపు ఒక్కటే మిగిలిద్ది."

బస్సు వచ్చింది. ఎక్కబోతూ ఆగింది. "డాక్టరుకి మాత్రం చూపించాలి."

"చూపిద్దాం. నేనూ వస్తాను. వాడు డాక్టరుకి ఏం చెబుతాడో నమ్మలేం."

"నాన్నను చూసుకుంటావా, కాపలా కాస్తావా అత్తా?"

"రెంటికీ తేడా నాకు తెలవదమ్మాయ్."

అప్పట్నుంచి నేను వాణ్ణి కనిపెట్టే ఉంటున్నాను. బ్యాటరీ క్లిప్పులకి రంగుగుడ్డలు కట్టాను. గ్యాసు పొయ్యి నేనే కట్టేస్తాను. వాణ్ణి ఒక్కణ్ణే బస్సెక్కనివ్వడం లేదు. డాక్టరు మాత్రలు రాశాడు, వేస్తున్నాను, నాలిక కింద దాచాడేమో నోరు తెరిపించి చూస్తున్నాను. ఒకరోజు సాయంత్రం వాడు చేపకి మేత వేసి, కాళ్లు కడుక్కుని వచ్చి, మళ్లీ మేత తీసి వేయబోయాడు. రెండుసార్లు వేస్తే మిగిలిన మేత అడుగున కుళ్లి నీళ్లు పాడైపోతాయి. చెరువులో మేం ఎన్నోసార్లు చూశాం. అందుకని ఫ్రిజ్జులో రొయ్యల డబ్బాను వాడికి కనపడకుండా కూరగాయల అడుగుకి మార్చేశాను. ఇప్పుడు మేత నేనే వేస్తాను.

చేప నా చేతికి అలవాటు పడింది. నేను వంగితే తోక చూపించడం మానేసింది. దాని మీద నాకు ఇప్పటికీ మంచి అభిప్రాయం లేదు. పీతను ఎప్పుడు తింటుందా అని చూస్తూనే ఉన్నాను.

మొన్న దీపాల వేళ వాడు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"మేత వేశావా?"

"వేశాను."

"నిజంగా?"

"నిజంగారా."

నా ముఖం వైపు పరీక్షగా చూశాడు. తొట్టి దగ్గరికి వెళ్లాడు. నేను తొంగి చూసేసరికి తొట్టి పక్కన మేకుకి వేలాడుతున్న టీ జాలీ తీసి, దాని దారం ముడులు సరిచేసి, నీళ్లలోకి దింపుతున్నాడు. అందులో మేత పెట్టడం మర్చిపోయాడు. ఉత్త జాలీని దింపి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, దారం వేలికి చుట్టుకుని కూర్చున్నాడు.

నేను ఒక రొయ్యముక్క తీసుకుని వెళ్లి, వాడు రాయి వైపు చూస్తున్నప్పుడు జాలీలోకి జారవిడిచాను.